జెరెమియా తొమ్మిది క్యాసెట్లు

ఆ మంగళవారానికి సూర్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆరింటికి మారేడ్‌పల్లిలో బస్సెక్కాలి. ఏడింటికల్లా ఆఫీసు కాన్ఫరెన్స్ గదిలో కూర్చోవాలి. అమెరికా నుంచి క్లయింటు డగ్లస్ గారు ఫోన్లో ఏదైనా అడిగితే "ఎస్ సర్" అనాలి, అడగకపోతే ఊరుకోవాలి. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడిన జనవరి ఒకటి, ఏదీ ఆగకుండానే దాటిపోయి మూడు నెలలయింది. సూర్య ఉద్యోగంలో చేరి కూడా అంతే అయింది. ఆర్నెల్లు నిండితే గాని ఉద్యోగం ఖాయమో కాదో చెప్పరు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసిన పైడిబాబు కొడుకు, ఇంటిల్లిపాదిలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడు కాబట్టి, ఆ ఆర్నెల్లూ నోరు అదుపులో పెట్టుకోవడమే క్షేమమని అతను తీర్మానించుకున్నాడు.

కాన్ఫరెన్స్ గదిలో ఫోను మూడు కాళ్ళ పీతలా బల్ల మధ్యన ఉండేది. దాన్ని ప్రతి మంగళవారం సిద్ధం చేసే పని సిస్టమ్స్ విభాగంలోని జెరెమియాది. బోయిగూడ కుర్రాడు, సూర్యకన్నా ఏడాది చిన్న. లైను బాగుందో లేదో చూడడానికి "హలో హలో" అనడం అతనికి విసుగు. తన వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు తీసి ఫోను మైకుకు ఆనించి, ఒక పాట వేసి, అవతల ఆపరేటరు వినబడుతోందంటే ఆపేసేవాడు.

ఆ రోజు డగ్లస్ గారు ఐదు నిమిషాలు ముందే లైనులోకి వచ్చేశారు.

"ఓ! మండే అబ్సెంటీస్ బ్యాండ్!" అంది పీత. "ఎన్నేళ్ళయిందో ఈ పాట విని!"

అప్పుడే గదిలోకి వచ్చిన ప్రాజెక్ట్ మేనేజర్ బాబూరావు గారు కంగారుగా చుట్టూ చూశారు. జెరెమియా వైరు చూడడానికి బల్ల కిందకు దూరి ఉన్నాడు. ఫోనుకు దగ్గరగా కూర్చున్నవాడు సూర్య ఒక్కడే.

"మా సూర్య అండీ," అన్నారు బాబూరావు గారు ఇంగ్లీషులో, ఫోను మీదకు వంగి. "చిన్నప్పటి నుంచీ ఈ బ్యాండ్ అంటే ప్రాణం."

"నిజమా సూర్యా?" అడిగారు డగ్లస్ గారు.

అడిగారు కాబట్టి సూర్య పథకం ప్రకారమే నడుచుకున్నాడు. "ఎస్ సర్," అన్నాడు.

కాల్ అయిపోయాక బాబూరావు గారు సూర్య భుజం మీద చెయ్యి వేశారు. "చూడవయ్యా, మూడేళ్ళుగా ఈయనకేం ఇష్టమో తెలీక చస్తున్నాం. ఇవాళ తెలిసింది. వచ్చే వారం మళ్ళీ అడుగుతాడు. మొత్తం నేర్చుకో. నీ కన్ఫర్మేషన్ కాగితం మీద ఆయన మాట కూడా ఉంటుంది, గుర్తుంచుకో."

"సర్, అసలు ఆ పాట జెరెమియా..."

"జెరెమియా మన ప్రాజెక్టులో లేడు కదయ్యా. అతన్ని చూపించి ఏం లాభం?"

ఆ సాయంత్రం సూర్య బోయిగూడ వెళ్ళాడు. జెరెమియా ఇంట్లో ముందు గదిలో కుట్టుమిషను, బైబిలు, దాని పక్కన ఒక బిస్కెట్ డబ్బా ఉన్నాయి. డబ్బాలో తొమ్మిది క్యాసెట్లు. 1982 నుంచి నిరుడు దాకా మండే అబ్సెంటీస్ వాళ్ళు చేసిన ఆల్బమ్‌లన్నీ అవే. నాలుగు కొన్నవి. మిగతా ఐదు, చర్చిలో పరిచయమైన ఒక రిటైర్డ్ రైల్వే గార్డు గారి ఇంట్లో రికార్డుల నుంచి ఎక్కించుకున్నవి. ఆ ఐదింటికీ అట్టలు లేవు కాబట్టి జెరెమియా తనే కార్డులు కత్తిరించి, బొమ్మలు వేసి, పాటల్లో మాటలన్నీ చీమల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఒక్కో పాటకు టేపును ముప్పైసార్లు వెనక్కి తిప్పి విన్నాడట.

"పదో క్లాసు నుంచి ఇదే గోల బాబూ," అంది జెరెమియా తల్లి కాంతమణి, టీ గ్లాసు అందిస్తూ. "ఆదివారం చర్చిల కీబోర్డు వాయిస్తడు గదా, దానికీ దీనికీ చెల్లుకు చెల్లని ఊర్కున్న."

"తీస్కపో అన్నా," అన్నాడు జెరెమియా. అతని మొహం వెలిగిపోతోంది. ఆఫీసులో ఎవరైనా ఈ బ్యాండ్ గురించి అడగడం అదే మొదటిసారి. "రెండే మాటలు. ఎండల పెట్టకు. ఎవ్వర్కీ ఇయ్యకు. రెండు నెలలు ఉంచుకో, మంచిగ విను, మల్ల నాకియ్యి."

"నా ప్రాణంలా చూసుకుంటాను," అన్నాడు సూర్య. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే అన్నాడు.

సూర్యకు పాటలు వినడం ఎలాగో తెలియదు. చదవడం తెలుసు. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, స్కేలుతో గీతలు గీసి, ఆల్బమ్ పేరు, విడుదలైన సంవత్సరం, పాటల వరస, డ్రమ్మర్ పేరు అని నాలుగు గడులు వేశాడు. ఆ బ్యాండులో పాడేవాడు మొదటినుంచీ ఒక్కడే గాని డ్రమ్మర్లు మాత్రం తరచు మారారు. వాళ్ళను గుర్తుంచుకోవడానికి సూర్య ఇంటర్‌లో కాకతీయుల కోసం వాడిన పద్ధతే వాడాడు. ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఏలారు, ఎవరి కాలంలో ఏం జరిగింది, పతనానికి కారణాలేమిటి.

అప్పగించుకోవడానికి ఎదురుగా, తనతోనే ఉంటున్న తల్లి గవరమ్మను కూర్చోబెట్టుకున్నాడు. ఆమెకు అక్షరం రాదు. అయినా ఎక్కాల దగ్గర్నుంచి డిగ్రీ దాకా కొడుకు అప్పగించినవన్నీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని విన్నది ఆమే. రెండుసార్లు వింటే ఆమెకు వరస పట్టుబడిపోయేది. మూడోసారి తప్పితే పట్టేసుకునేది.

"ఏట్రా బాబూ, ఆడు అలా అరుత్తున్నాడు?" అంది మొదటి రోజు టేపు పెట్టగానే. "ఆడికెవులైనా గ్లాసుడు నీళ్ళిచ్చారా?"

"పాటమ్మా అది. నువ్వు విను. రాంగ్ క్లాస్‌రూమ్ ఎనభైరెండు, స్పేర్ కీ ఎనభైనాలుగు, ఎలెవెన్ క్రాకర్స్ ఎనభైఏడు..."

"ఎనభైఅయిదులో ఒకటుందన్నావు ఇందాక. అదేటి, మింగేసావా?"

ఆఫీసులో ప్రతి ఉదయం జెరెమియా ఆశగా సూర్య బల్ల దగ్గరకు వచ్చేవాడు.

"ఏది నచ్చింది అన్నా?"

"ఐదోదాకా అయిపోయాయి. ఆదివారానికి ఏడు పూర్తి చేస్తాను."

"అట్ల గాదన్నా, ఏ పాట? వింటాంటే ఇగో ఇక్కడ, గుండెకాడ జెర కొడ్తది సూడు, ఆ పాట."

"నాలుగో దాంట్లో ఆరో పాట ముఖ్యమైనదంటావా?" అని సూర్య పెన్ను తీసేవాడు. జెరెమియా తల గోక్కుని వెళ్ళిపోయేవాడు.

తరువాతి మంగళవారాలు బాబూరావు గారు కలలో కూడా అనుకోనంత బాగా జరిగాయి. సూర్య మూడో డ్రమ్మరు గురించి ఒకటి చెబితే, డగ్లస్ గారు రెండో డ్రమ్మరు గురించి రెండు చెప్పేవారు. ఆయన ఎనభైఏడులో వచ్చిన ఆల్బమ్ పాటలు వరసగా చెబితే, సూర్య అదే వరసను కిందినుంచి పైకి చెప్పేవాడు. అవతల చిన్నగా కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడేది. ప్రాజెక్టు కాగితాలనుకున్నారు అందరూ. నెల తిరిగేసరికి గంట కాల్‌లో నలభై నిమిషాలు బ్యాండూ ఇరవై నిమిషాలు సాఫ్ట్‌వేరూ నడుస్తున్నాయి. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన తప్పులు వెతకడం మానేశారు కాబట్టి ప్రాజెక్టు కూడా బాగా నడుస్తున్నట్టే అందరికీ అనిపించింది.

జూన్ మొదట్లో డగ్లస్ గారు స్వయంగా సికింద్రాబాదు వస్తున్నానన్నారు. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించే విషయం మాట్లాడతారట. వెళ్ళేటప్పుడు సింగపూర్‌లో మూడు వారాలు పని ఉందట.

"నీ క్యాసెట్లు తెచ్చి కాన్ఫరెన్స్ గదిలో పెట్టవయ్యా," అన్నారు బాబూరావు గారు. "ఆయన రాగానే కళ్ళబడాలి."

నీ క్యాసెట్లు అన్నప్పుడు సూర్య సరిచేసి ఉండాల్సింది. రెండు నెలల్లో అలా సరిచేయాల్సిన సందర్భాలు పదో పన్నెండో వచ్చాయి. ప్రతిసారీ, ఈసారికి పోనీ, కన్ఫర్మేషన్ అయ్యాక చెబుదాం అనుకున్నాడు. జెరెమియాను మాత్రం అనుమతి అడిగాడు.

"పెట్టు అన్నా, దానికేముంది!" అన్నాడు జెరెమియా. తనే ఒక మెత్తటి గుడ్డ తెచ్చి తొమ్మిది డబ్బీలూ తుడిచి, ఏ ఏడాదికి ఆ ఏడాది వరస తప్పకుండా బల్ల మీద పేర్చాడు. డగ్లస్ గారు వచ్చారు. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. చేతిరాత కార్డులు చూసి చాలాసేపు నిలబడిపోయి, "ఇవన్నీ నువ్వే రాశావా?" అని సూర్యను అడిగారు. సూర్య నవ్వాడు. గది చివర జెరెమియా ప్రొజెక్టరు వైరు చుడుతూ కిందకు చూస్తున్నాడు.

సాయంత్రం సన్మానం. శాలువా, గంధపు దండ, జ్ఞాపిక లేకుండా అతిథిని పంపడం బాబూరావు గారి హయాంలో ఎప్పుడూ జరగలేదు. జ్ఞాపికగా గాజుపెట్టెలో చార్మినార్ చేయించారు. నాలుగున్నరకు అది వచ్చింది. పెట్టె తెరిస్తే మూడు మినార్లు నిలబడి ఉన్నాయి, నాలుగోది పడుకుని ఉంది.

"మూడు మినార్లతో ఎలా ఇస్తామయ్యా!" అని బాబూరావు గారు తల పట్టుకుని గదంతా కలియజూశారు. ఆయన చూపు కాన్ఫరెన్స్ బల్ల మీద ఆగింది. ఆ సమయంలో సూర్య కింద బిస్కెట్ ప్లేట్లు సర్దుతున్నాడు. పైకి వచ్చి బల్ల ఖాళీగా ఉండడం చూసి, జెరెమియా జాగ్రత్తగా లోపల పెట్టేసుకున్నాడనుకుని నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు.

శాలువా అయింది. దండ అయింది. తరువాత బాబూరావు గారు ఎర్ర రంగు కాగితం చుట్టి బంగారు రిబ్బను కట్టిన ఒక పొట్లం పైకెత్తారు.

"మా సూర్య తన జీవితమంతా కూడబెట్టుకున్నది, తన ప్రియమైన స్నేహితుడికి, తన చేతుల మీదుగా!"

హాలంతా చప్పట్లు. పొట్లం చేతిలోకి వచ్చాక, అది ఏమిటో సూర్య వేళ్ళకు తెలిసిపోయింది. తొమ్మిది డబ్బీల అంచులు కాగితం లోంచి వరసగా తగిలాయి. అతను హాలు చివరకు చూశాడు. అక్కడ మైకు పెట్టె దగ్గర జెరెమియా నిలబడి ఉన్నాడు. చప్పట్లు కొట్టడం లేదు. ఒక చెయ్యి మీట మీద ఉంది.

డగ్లస్ గారి మొహం కూడా పాలిపోయింది. "వద్దు వద్దు. ఇంత విలువైనవి నేను తీసుకోలేను. ఇవి నీ దగ్గరే ఉండాలి."

దేవుడిచ్చిన అవకాశం అంటే అదే. ఒక్క మాట చాలు. కాని పక్కనుంచి బాబూరావు గారు పళ్ళ మధ్యనుంచి, "ఇచ్చింది వెనక్కి తీసుకుంటారటయ్యా? రేపు సంతకం!" అన్నారు. ముందు వరసలో డైరెక్టర్లు చూస్తున్నారు. సూర్య నోరు తెరిచాడు.

"ప్లీజ్ కీప్ ఇట్, సర్," అన్నాడు.

ఎందుకో ఆ మాట ఎదురుగా ఉన్న మైకులోంచి హాలు గోడలు అదిరేంత గట్టిగా వినబడింది.

మర్నాడు ఉదయం పొడిగింపు మీద సంతకమైంది. డగ్లస్ గారిని బేగంపేట విమానాశ్రయంలో దింపి రమ్మని సూర్యను కారులో పంపారు. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆయన గొంతు సవరించుకున్నారు.

"సూర్యా, నీకొక నిజం చెప్పాలి. నాకా బ్యాండ్ గురించి ఏమీ తెలీదు. ఆ ఒక్క పాటే తెలుసు. మా కాలేజీ రోజుల్లో రేడియోలో రోజూ వచ్చేది. నువ్వు వాళ్ళకు వీరాభిమానివని బాబూరావు చెప్పాడు. నీ మనసు నొప్పించకూడదని ఇంటర్నెట్లో అంతా అచ్చు తీసి ప్రతి సోమవారం చదువుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ డ్రమ్మర్లతో నా ప్రాణం పోయింది."

సూర్య ఆయన వంక చూశాడు. తరువాత సీటు ముందు సంచిలోంచి గడులు గీసిన తన నోటుబుక్కు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన నాలుగు పేజీలు తిప్పారు. ఇద్దరూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. డ్రైవరు అద్దంలోంచి భయంగా చూశాడు. అంత నవ్వు సూర్య ఆ ఆఫీసులో చేరాక ఎప్పుడూ నవ్వలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, జెరెమియా సంగతంతా చెప్పేసి, "అయితే ఆ క్యాసెట్లు ఇచ్చెయ్యండి సర్," అన్నాడు.

డగ్లస్ గారి నవ్వు ఆగిపోయింది.

"నాకు వాటిని ఉంచుకునే అర్హత లేదనిపించింది సూర్యా. రాత్రంతా ఆలోచించాను. ఉదయం హోటల్ కొరియర్‌లో ఆ బ్యాండ్ వాళ్ళ ఆఫీసుకే పంపేశాను. 'భారతదేశం నుంచి మీ గొప్ప అభిమాని సూర్య ఇచ్చినవి' అని ఉత్తరం కూడా పెట్టాను."

విమానాశ్రయం చేరాక హోటలుకు ఫోను చేస్తే కొరియర్ బండి ఎనిమిదింటికే వెళ్ళిపోయిందన్నారు. డగ్లస్ గారు తన కార్డు వెనక బ్యాండ్ చిరునామా రాసిచ్చి, రెండు చేతులతో సూర్య చెయ్యి పట్టుకుని, లోపలికి వెళ్ళిపోయారు.

సూర్య అటునుంచి అటే బోయిగూడ వెళ్ళాడు. జెరెమియా ఆ రోజు సెలవు పెట్టాడు. ఖాళీ బిస్కెట్ డబ్బా పక్కన కూర్చుని అంతా విన్నాడు.

"పాటలు యాదికున్నయ్ లే అన్నా. గా కార్డులే..." అని ఆగాడు. "నాకేం కోపం లేదు. ఒక్కటే తక్లీఫ్. నిన్న మైకు మీట నా చేతుల్నే ఉండె. నువ్వు గిట్ల మెల్లగ అన్నా అందరికి ఇనబడాలె, ఇవి జెరెమియావి అని ఒక్క మాట అంటవేమో అని, నేనే సౌండు ఫుల్లు పెట్టిన."

ఇంతలో కాంతమణి టీ తెచ్చింది. సూర్య తాగలేకపోయాడు.

తప్పు చేసినవాడు దిద్దుకోవాలి. సూర్య ఆ వారంలోనే బ్యాండు వాళ్ళకు ఉత్తరం రాశాడు. డిగ్రీలో నేర్చుకున్న పద్ధతిలో, ఫ్రమ్, టు, తేదీ, విషయం అన్నీ పెట్టి, "రెస్పెక్టెడ్ సర్స్" అని మొదలుపెట్టాడు. మొదటి పేరాలో తనెవరో రాశాడు: పేరు, కీర్తిశేషులు పైడిబాబు కుమారుడు, స్వస్థలం, విద్యార్హతలు, మార్కుల శాతం, హోదా. రెండో పేరాలో బ్యాండులోని ఐదుగురి యోగక్షేమాలు విచారించి, పద్దెనిమిదేళ్ళ నిరంతర సేవకు అభినందనలు తెలిపాడు. మూడో పేరాలో అసలు విషయానికి వచ్చాడు. సదరు క్యాసెట్లు తనవి కావని, తాను అభిమానినే కానని, నిజమైన అభిమాని సికింద్రాబాదు బోయిగూడలో ఉండే జెరెమియా అని, కార్డుల మీది ప్రతి అక్షరం అతనిదని, దయచేసి అతనికి తిప్పి పంపవలసిందని. ఆ పేరా రాస్తున్నప్పుడు అతనికి రెండుసార్లు కాగితం మార్చవలసి వచ్చింది.

రాసింది చదివి వినిపిస్తే గవరమ్మ అంది: "ఆ కుర్రోడి సంగతి ముందు రాయొచ్చు గదరా?"

"అలా రాయకూడదమ్మా. పద్ధతి ఉంటుంది."

రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. జూలైలో కన్ఫర్మేషన్ వచ్చింది. జవాబు రాలేదు. దసరా వెళ్ళింది, క్రిస్మస్ వెళ్ళింది, జవాబు రాలేదు. ఆదివారాలు సూర్య మోండా మార్కెట్ వైపు వెళ్ళి పాత క్యాసెట్లమ్మే బండ్లన్నీ వెతికేవాడు. ఒక్కటి దొరికింది, ఏడోది. ఇవ్వబోయే ముందు ఒకసారి, నోటుబుక్కు లేకుండా, విన్నాడు. చివరి పాట దగ్గర అతనికి జెరెమియా అడిగిన ప్రశ్న అర్థమైంది. మర్నాడు జవాబు చెబుదామని వెళ్ళాడు గాని, జెరెమియా క్యాసెట్టు తీసుకుని "థ్యాంక్స్ అన్నా" అని మళ్ళీ వైర్లలోకి వంగిపోయాడు. ఏది నచ్చింది అని అడగలేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం జెరెమియా పరుగు పరుగున మేడ మెట్ల మీదకు వచ్చి, టిఫిన్ డబ్బా విప్పుతున్న సూర్య పక్కన కూలబడ్డాడు. చేతిలో వాక్‌మన్, కొత్త క్యాసెట్టు. మండే అబ్సెంటీస్ పదో ఆల్బమ్.

"అన్నా! చివరి పాట జెర షురూనే విన్న, అంతే, ఆపేసి ఉర్కొచ్చిన. పాట పేరేందో తెల్సా? రెస్పెక్టెడ్ సర్స్! నీ లెటరే అన్నా! మావోళ్ళు నీ లెటర్ పాడిన్రు!"

ఏడాది తరువాత ఆ మొహంలో మళ్ళీ ఆ వెలుగు. ఒక ఇయర్‌ఫోను తను పెట్టుకుని రెండోది సూర్య చెవిలో పెట్టాడు. డ్రమ్ములు దూసుకువచ్చాయి. ఎవరూ నీళ్ళివ్వని ఆ గొంతు సూర్య పేరు అరిచింది. కీర్తిశేషులు పైడిబాబును అరిచింది. అనకాపల్లిని, అరవైనాలుగు శాతాన్ని అరిచింది. తరువాత ఐదుగురూ కలిసి, పద్దెనిమిదేళ్ళ నిరంతర సేవ అని గుండెలు బాదుకుంటూ పాడారు.

"నా పేరు సుత రాసిన అంటివి గదన్నా?" అన్నాడు జెరెమియా, అతని మోచెయ్యి పట్టుకుని.

"రాశాను," అన్నాడు సూర్య. "వస్తుంది. విను."

ఇద్దరూ కదలకుండా విన్నారు. నిరంతర సేవ నాలుగుసార్లు వచ్చింది. టక్కున డ్రమ్ములు ఆగాయి, టేపు మిగిలిన భాగం ఖాళీగా తిరిగి తనంతట తనే ఆగిపోయింది.

పాట సరిగ్గా రెండు నిమిషాలు, రెండు పేరాలు. జెరెమియా పేరు మూడో పేరాలో ఉంది.